సవేరియో ముందుపన్ను

మంగళవారం పొద్దున పదింటికల్లా రోమ్ నుంచి దిగిన ఫాబ్రిస్ మేడమ్, తొర్రెస్కూరా పోలీసు కార్యాలయం రెండో అంతస్తులో ఉన్న పొడుగుబల్ల మొత్తం ఆక్రమించేసింది. వెంట తెచ్చుకున్నది ఒక పెన్సిలు, ఒక రబ్బరు, ఒక స్కేలు. కంప్యూటరు ఇస్తామంటే వద్దంది. మంచి గది ఇస్తామంటే కిటికీ ఉంటే చాలంది. మూడేళ్ళ ఫైళ్ళు మాత్రం ఒక్క కాగితం తగ్గకుండా కావాలంది.

ఫైళ్ళు మోసుకొచ్చింది సవేరియో. స్టేడియం డ్యూటీలు చూసే దళంలో ఇరవై ఏళ్ళ సర్వీసున్నవాడు అతనొక్కడే. ఏ కాగితం ఏ బీరువాలో పడుందో అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. రొక్కమేలా మ్యాచ్‌ల ఫైళ్ళు మూడూ ఎక్కడున్నాయో మరీ బాగా తెలుసు. వాటిని మిగతా ఫైళ్ళన్నిటికీ అడుగున పెట్టి తెచ్చాడు.

సంగతి పెద్దదేం కాదు. కొండ మీదున్న రొక్కమేలా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఏడాదికోసారి కిందికి, సముద్రం ఒడ్డునున్న తొర్రెస్కూరాకి ఆడటానికి వస్తుంది. జట్టయితే వస్తోంది గానీ, మూడేళ్ళుగా దాని వెనక జనం రావడం లేదు. మ్యాచ్‌కి వారం ముందు ఇక్కడి పోలీసులు ‘ప్రమాదం చాలా ఎక్కువ’ అని రాసి పైకి పంపడం, రొక్కమేలాలో కాపురమున్న వాళ్ళెవరికీ టికెట్టు అమ్మకూడదని ఉత్తర్వు దిగడం ఏటేటా జరిగే తంతు అయిపోయింది. ఈసారి కొండవాళ్ళు వకీలుని పెట్టుకుని ఫిర్యాదు చేశారు. పోలీసులు ఏ ఆధారం మీద అలా రాశారో శుక్రవారంలోగా తేల్చమని హోం శాఖవాళ్ళు ఈవిడని పంపించారు. మ్యాచ్ ఆదివారం.

ఫాబ్రిస్ మేడమ్ కాగితం కింద స్కేలు పెట్టి, ఒక్కో లైనుకీ దాన్ని జరుపుకుంటూ చదివింది. ఆవిడ అలా చదువుతుంటే సవేరియోకి తన చర్మం ఒక్కో అంగుళమే ఒలుస్తున్నట్టుంది. పన్నెండింటికి ఆవిడ తలెత్తింది.

“అద్దాలేమైనా పగిలాయా?”

“లేదు మేడమ్.”

“ఎవరినైనా అరెస్టు చేశారా?”

“లేదండి.”

“రెండు ఊళ్ళవాళ్ళూ కొట్టుకున్నారా?”

“తిట్టుకున్నారండి. కొట్టుకోలేదు.”

“ఏమని తిట్టుకున్నారు?”

“మీ ముందు చెప్పలేనండి.”

ఆవిడ మూడు కాగితాలు పక్కపక్కన పరిచింది. “ఇది చూడండి. మొదటి ఏడు రాసింది: ‘రొక్కమేలా అభిమానుల వైపు నుంచి వచ్చిన గట్టి వస్తువు వల్ల ఒక పోలీసు మొహానికి గాయం.’ రెండో ఏడు దాన్ని చూసి రాశారు: ‘పోలీసుల మీద దాడి.’ మూడో ఏడు రెండోదాన్ని చూసి రాశారు: ‘పోలీసుల మీద పదేపదే దాడులు.’ ఈ మధ్యలో వాళ్ళు అసలు కొండ దిగనే లేదు. ఒక దెబ్బ ఇంట్లో కూర్చుని పిల్లల్ని ఎలా పెట్టింది?”

సవేరియో గోడ మీద క్యాలెండరు చూశాడు.

“ఆ దెబ్బ తిన్న మనిషి ఇంకా సర్వీసులో ఉన్నాడా?”

“ఉన్నాడండి.” అతను గొంతు సవరించుకున్నాడు. “నేనేనండి.”

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. “ఎక్కడ తగిలింది?”

సవేరియో పైపెదవి ఎత్తి చూపించాడు. ముందుపళ్ళలో ఒకటి మిగతా వాటికంటే తెల్లగా, కొత్త పెంకులా ఉంది.

“ఏం వస్తువు?”

“గట్టిదండి.”

“రాయా?”

“రాయి లాంటిదే.”

“అది దొరికిందా?”

“లేదు మేడమ్.”

దొరకదు మరి. మింగేశాడు.

ఆ రోజు గేటు దగ్గర సంచులు సోదా చేస్తున్నప్పుడు రొక్కమేలా బస్సులోంచి ఒక ముసలామె రేకుడబ్బాతో దిగింది. దోన్నా మికెలీనా, అక్కడ బేకరీ నడిపే మనిషి. మూత తీయమన్నాడు. లోపల మొస్తచోలి ఉన్నాయి. పిండిలో తేనె పోసి, బాదం కలిపి, గుర్రాల్లా చేపల్లా చెక్కి కాల్చే బిళ్ళలవి. వైన్‌లో ముంచుకుని మెత్తబడ్డాక తినాలని ఆ చుట్టుపక్కల పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. సవేరియోకీ తెలుసు. కానీ పొద్దున ఆరింటి నుంచి నిలబడి ఉన్నాడు, ఆకలి దంచేస్తోంది, ఆమె “తీసుకో నాయనా” అంది. డ్యూటీలో ఉండి అభిమానుల చేతి తిండి తినకూడదన్నది మొదటి రూలు. ఎవరూ చూడకముందే అయిపోవాలని చేప తోక పట్టుకుని తల దగ్గర కటుక్కున కొరికాడు. కటుక్కుమన్నది చేప కాదు.

ఇంతలో తలుపు తోసుకుని కమిషనర్ బెల్కాస్త్రో వచ్చి సవేరియో భుజం చరిచాడు. “చూశారా మేడమ్, మా సింహాన్ని! మొహం పగిలినా గేటు వదల్లేదు. ప్రశంసాపత్రం కూడా ఇచ్చాం.”

“విన్నాను,” అంది ఫాబ్రిస్ మేడమ్. “రేపు మనం రొక్కమేలా వెళ్దాం సవేరియో గారూ. కారు మీరే తోలండి. మిమ్మల్ని కొట్టిన మనిషెవరో కనుక్కుందాం.”

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి నున్సియా శనగల పాస్తా వడ్డించి కూర్చుని ఉంది. తినే బల్లకి ఎదురుగా గోడ మీద మరియమ్మ పటానికీ పెళ్ళి ఫోటోకీ మధ్య ఆ ప్రశంసాపత్రం గాజు పటంలో వేలాడుతోంది. మరియమ్మ కంటే దానికే ఎక్కువ తుడుపు జరుగుతుందని సవేరియో ఎన్నోసార్లు గమనించాడు.

“రోమ్ నుంచి ఎవరో వచ్చిందటగా. నీ గురించి అడిగిందా?”

“అడిగింది.”

“ఆ పటం తీసుకెళ్ళి చూపించకపోయావా? ఆగు, గుడ్డలో చుట్టిస్తాను.”

“వద్దు నున్సియా.”

“ఇదిగో, నీకిదే రోగం. ఇంత ధైర్యం ఉన్నవాడికి ఇంత సిగ్గేమిటి? మా అక్క మొగుడు చూడు, నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే దాన్ని యుద్ధంలా చెబుతాడు. నువ్వు నిజంగా యుద్ధం చేసి నోరు మూసుకుంటావు.”

సవేరియో పాస్తాని పక్కపళ్ళతో నములుతూ ఆమె మొహం చూశాడు. ఎంత గర్వం ఆ మొహంలో! మూడేళ్ళ క్రితం ఆ గర్వం మొదటిసారి చూసినప్పుడే చెప్పెయ్యాల్సింది. ఒక్కరోజు ఆలస్యం చేసినందుకు అది ఇప్పుడు ఇంట్లో మూడో మనిషై కూర్చుంది.

“నున్సియా, ఆ రోజు ఆ వస్తువు...”

“ఊఁ, ఏమిటి?”

“ఏం లేదు. ఉప్పు తక్కువైంది.”

“మూడేళ్ళ కిందటి వస్తువుకీ ఇవాళ్టి శనగల్లో ఉప్పుకీ ఏం సంబంధం?” అంటూ ఆమె ఉప్పు డబ్బా అతని ముందుకి తోసింది.

మర్నాడు రొక్కమేలా రోడ్డు మీద నలభై రెండు మలుపులు తిరిగారు. ఫాబ్రిస్ మేడమ్ అన్నీ లెక్కపెట్టింది. ఇరవయ్యో మలుపు దాటాక మాత్రం కిటికీ దింపుకుని, కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది.

అభిమానుల సంఘం ఆఫీసు దోన్నా మికెలీనా బేకరీ వెనక గదిలోనే. వెళ్ళేసరికి పొయ్యి మండుతోంది. డెబ్భైతొమ్మిదేళ్ళ మికెలీనా మనిషి పొడుగు లేదు గానీ చేతులు మాత్రం మగవాడి చేతుల్లా ఉన్నాయి. పిండి ముద్దని బల్ల మీద పడేసి, మడిచి, అరచేత్తో నొక్కి, మళ్ళీ మడుస్తోంది. రొట్టెల్ని పొయ్యిలోకి తోసే పొడుగాటి చెక్కగరిటెని మాత్రం పక్కింటి ఆవిడ పట్టుకుంది. సవేరియోని చూడగానే మికెలీనా చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పనిలో పడ్డాయి.

ఊరు ఊరంతా వచ్చి గుమ్మంలో నిలబడింది. వాళ్ళ తరఫున మాట్లాడింది ఫెర్రుచ్చో, ఊరి మంగలి, సంఘం అధ్యక్షుడు. గడ్డం సగం గీయించుకున్న ఒక ఆసామి నురగతో సహా అతని వెనకే వచ్చేశాడు.

“అమ్మా, మేం అడిగేది ఒక్కటే,” అన్నాడు ఫెర్రుచ్చో. “ఆదివారం డ్రా అయినా చాలు, మా జట్టు పై డివిజన్‌కి వెళ్తుంది. ముప్పై ఏడేళ్ళ తర్వాత! ఆ పూట ఊరంతా రేడియో చుట్టూ కూర్చోవాలా? మా పిల్లలు ఆడుతుంటే మేం చూడకూడదా?”

“విసిరినదెవరో చెబితే సులువయ్యేది,” అంది ఫాబ్రిస్ మేడమ్.

“తెలిస్తే మేమే చెవి పట్టుకుని మీకప్పగించేవాళ్ళం. మూడేళ్ళ నుంచి ఒకరినొకరం అడుక్కుంటున్నాం. ఇదిగో, ఈ నురగ మొహం పాస్క్వాలే, వీడి బావమరిదీ... నువ్వంటే నువ్వని అనుమానించుకుని మాటలు మానేశారు. క్రిస్మస్‌కి వీడి పెళ్ళాం రెండు బల్లలు వెయ్యాల్సి వస్తోంది.”

“వాడే విసిరాడు,” అన్నాడు పాస్క్వాలే నురగలోంచి.

“ఎవరూ చూడలేదు కదా?” అంది మేడమ్.

“చూడక్కర్లేదు. వాడి బుద్ధి నాకు తెలుసు.”

“నేనే విసిరాను.”

అందరూ తిరిగి చూశారు. మికెలీనా చేతులకంటిన పిండిని మెల్లగా, ఒక్కో వేలి నుంచీ రాల్చుకుంటోంది.

“అమ్మమ్మా!” అన్నాడు ఫెర్రుచ్చో.

“నేనే విసిరానంటున్నాగా. రాసుకో తల్లీ.”

ఫాబ్రిస్ మేడమ్ పెన్సిలు తీసింది. “ఏం విసిరారు?”

“చేతికి దొరికింది.”

“ఎంత దూరం నుంచి?”

“ఇక్కణ్ణుంచి ఆ చర్చి మెట్లంత ఉంటుంది.”

“చర్చి మెట్లా!” ఫెర్రుచ్చో నెత్తి కొట్టుకున్నాడు. “నువ్వు చెయ్యి భుజం పైకి ఎత్తి పదేళ్ళయిందే. చెక్కగరిటె కూడా పక్కింటావిడే పట్టుకుంటోంది.”

“నువ్వు నోర్ముయ్యి. ఆ రోజు ఎత్తాను.”

“ఎందుకు విసిరారు?” అంది మేడమ్.

మికెలీనా సవేరియో వైపు చూడకుండానే చెప్పింది. “ఆ మొహం నాకు నచ్చలేదు.”

“దీనివల్ల ఏమవుతుందో తెలుసా? అయిదేళ్ళపాటు మీరు ఏ స్టేడియం గేటూ దాటకూడదు.”

“మరి మావాళ్ళు?”

“ఒక్క మనిషి చేసిన పనని తేలితే ఊరందరి మీదా నిషేధం నిలవదు. వాళ్ళు వెళ్ళొచ్చు.”

“ఇంకేం, అదే కదా నాక్కావలసింది. అయిదేళ్ళకి నాకు ఎనభైనాలుగు. అప్పుడు చూసుకుందాం. ఎక్కడ సంతకం పెట్టాలి?”

ఫాబ్రిస్ మేడమ్ నిదానంగా నాలుగు లైన్లు రాసి, కాగితం ఆమె వైపు తిప్పింది. మికెలీనా కళ్ళద్దాలు వెతుక్కుంది. ఈ నిషేధం వచ్చేదాకా ఆమె యాభై ఏళ్ళు ఒక్క మ్యాచ్ వదలకుండా జట్టు వెంట తిరిగిన మనిషి. కాన్పయిన పదకొండో రోజున కూడా వెళ్ళిందని ఊళ్ళో చెప్పుకుంటారు. ముప్పై ఏడేళ్ళకి జట్టు పై డివిజన్‌కి వెళ్ళబోయే రోజున ఆమె ఒక్కతే ఈ బల్ల ముందు పిండి పిసుక్కుంటూ ఉండబోతోంది.

సవేరియో గోడకానుకుని నిలబడ్డాడు. తను నోరు మూసుకుంటే చాలు, అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. కొండవాళ్ళు కిందికొస్తారు. ఉద్యోగం ఉంటుంది. నున్సియా పటం గోడ మీదే ఉంటుంది. ఇంత సుళువుగా ఏ కష్టమూ అతని జీవితంలో తీరలేదు. అంత సుళువుగా తీరబోతున్నందుకే అతనికి ఒళ్ళు మండింది. సిగ్గు ముంచుకొచ్చింది.

మికెలీనాకి కళ్ళద్దాలు దొరికాయి. పెన్సిలు అందుకుంది.

“ఆగండి,” అన్నాడు సవేరియో. “ఆమె ఏమీ విసరలేదు. తినమని ఇచ్చింది. నేను తిన్నాను.”

“నువ్వూరుకో నాయనా,” అంది మికెలీనా గబగబా. “అమ్మా, ఆ అబ్బాయికి ఎండ తగిలింది.”

“మొస్తచోలి మేడమ్. చేప బొమ్మది. డ్యూటీలో ఉండి తిన్నాను. కొరికాను, పన్ను విరిగింది. ఆసుపత్రిలో సూది వేస్తే నోరు మొద్దుబారిపోయింది. కమిషనర్ గారొచ్చి ‘కొండవాళ్ళే కదా?’ అన్నారు. ఊఁ అన్నాను. అంతకంటే మాట రాలేదు. మర్నాడు మాట వచ్చింది. అప్పుడు చెప్పాల్సింది. ఈలోపు కాగితం సిద్ధమైంది, సంతకం పెట్టేశాను.”

సవేరియో నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. తిడతారు, తిట్టాలి. కొట్టినా ఈసారి నిజం రిపోర్టే రాస్తారు.

ఫెర్రుచ్చో అతని దగ్గరికొచ్చి, క్షవరానికొచ్చిన వాడి మొహం చూసినట్టు గడ్డం పట్టుకుని పైకెత్తి, నోట్లోకి తొంగి చూశాడు.

“నానబెట్టకుండానే కొరికావా?”

“అవును.”

“పొడిది?”

“పొడిదే.”

“ఒరేయ్,” ఫెర్రుచ్చో గుమ్మం వైపు తిరిగాడు. “పొడిది కొరికాడట్రోయ్!”

అంతే. ముందు చెక్కగరిటె ఆవిడ కిసుక్కుమంది. తర్వాత గుమ్మం, ఆ తర్వాత వీధి వీధంతా పగలబడి నవ్వింది. వెనకనున్న వాళ్ళకి ముందున్న వాళ్ళు చెప్పడం, వాళ్ళు ఇంకా వెనకవాళ్ళకి చెప్పడం, నవ్వు చర్చి మెట్లదాకా వెళ్ళి అక్కణ్ణుంచి తిరిగిరావడం సవేరియోకి వినబడింది. తొర్రెస్కూరా వాళ్ళకి తినడం కూడా రాదని ఎవరో, వాళ్ళకి చేపంటే సముద్రంలోదొక్కటే తెలుసని ఇంకెవరో అరిచారు. పాస్క్వాలే మాత్రం నవ్వలేదు. నురగ మొహంతోనే జనాన్ని తోసుకుంటూ బయటపడి, “లుయీజీ! ఒరే లుయీజీ! నువ్వు కాదటరా!” అని కేకలు పెడుతూ బావమరిది ఇంటి వైపు పరిగెత్తాడు.

ఫాబ్రిస్ మేడమ్ ఒక మొస్తచోలి ఇప్పించుకుంది. స్కేలు పెట్టి పొడుగూ మందమూ కొలిచింది. బల్ల మీద రెండుసార్లు కొట్టింది. టక్, టక్. “గట్టి వస్తువు,” అని రాసుకుంది. “రిపోర్టులో ఈ ఒక్క మాట మాత్రం నిజమే.” అని, పెదవులు గట్టిగా బిగించుకుని, కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆవిడ భుజాలు అదరడం అందరికీ కనబడింది.

సవేరియో బల్ల చుట్టూ తిరిగి మికెలీనా దగ్గరికి వెళ్ళాడు. “మీకు మొదటి రోజు నుంచీ తెలుసు కదమ్మా. ఎందుకు చెప్పలేదు?”

“చెబితే డ్యూటీలో తిన్నావని నీ ఉద్యోగం తీసేసేవాళ్ళు కదయ్యా. నీకూ ఓ పెళ్ళాం ఉంటుంది, ఇల్లుంటుంది. తినమని బలవంతపెట్టింది నేను.” ఆమె పిండి చేతుల్తోనే అతని చెయ్యి పట్టుకుంది. “ఒక ఏడాదితో పోతుందనుకున్నాను. మీవాళ్ళు దాన్ని పెంచి పెద్దచేస్తారని నాకేం తెలుసు?”

అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. చుట్టూ అంత నవ్వులో ఒక మనిషి ఏడిస్తే ఎవరూ పట్టించుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి నిషేధం రద్దయింది. కమిషనర్ బెల్కాస్త్రో గదిలో అరుపులు మెట్లదాకా వినిపించాయి. “నన్ను నవ్వులపాలు చేశావు కదయ్యా! దేశమంతా నవ్వుతుంది! సింహమట, సింహం!”

“అరవకండి,” అంది కుర్చీలో కూర్చున్న ఫాబ్రిస్ మేడమ్. “ఈ కాగితం మూడేళ్ళలో పదకొండు మంది చేతులు మారింది. పదకొండు సంతకాలున్నాయి, లెక్కపెట్టాను. ఆ వస్తువేమిటని ఒక్కరైనా అడిగారా? ఆసుపత్రి చీటీ ఫైల్లోనే ఉంది. ‘బాదం పలుకు తొలగించడమైనది’ అని డాక్టరు రాశాడు. అది కూడా ఎవరూ చదవలేదు. అతను నోరు తెరవనందుకు శిక్ష ఉంటుంది. మీరు కళ్ళు తెరవనందుకు నేను వేరే రాస్తున్నాను.”

సవేరియోకి పది రోజుల సస్పెన్షన్ పడింది. ప్రశంసాపత్రం తిరిగి ఇచ్చెయ్యమన్నారు. ఇంటికెళ్ళి నున్సియాకి మొదటి నుంచి చివరిదాకా, ఉప్పు సంగతి ఎత్తకుండా, నిలబడే చెప్పాడు. ఆమె చేతిలో అంట్లు తుడిచే గుడ్డ ఉంది. విన్నంతసేపూ ఒకే పళ్ళేన్ని తుడుస్తూనే ఉంది.

“మూడేళ్ళు,” అంది చివరికి. “మా అక్కకి చెప్పాను. చేపల మార్కెట్లో చెప్పాను. ఫాదర్ గారికి చెబితే ఆయన ప్రసంగంలో చెప్పాడు!”

“తెలుసు.”

“బిస్కెట్టా!”

“మొస్తచోలి.”

గుడ్డ వచ్చి మొహానికి తగిలింది. రెండోసారీ తగిలింది. మూడోసారికి ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి కాసేపటిదాకా తెలియలేదు. తర్వాత ఆమె లేచి జుట్టు సర్దుకుని బాల్కనీలోకి వెళ్ళింది.

“ఎక్కడికి?”

“ఎవరో చెబితే వినడం కంటే మనమే ముందు చెప్పుకుంటే మర్యాద.” కటకటాల మీదికి వంగి ఎదురింటావిడని కేకేసింది. “రొజారియా! ఓ రొజారియా! మా ఆయన పన్ను కథ నీకు తప్పు చెప్పాను, ఇలా రా!”

ఆదివారం మధ్యాహ్నం రొక్కమేలా నుంచి ఆరు బస్సులు దిగాయి. గంటలు, డప్పులు, చర్చి బ్యాండులోంచి అరువు తెచ్చిన పెద్ద బాకా, నీలం తెలుపు గుడ్డలు. పాస్క్వాలే, లుయీజీ ఒకే కండువాని చెరో కొసా మెడకి చుట్టుకుని దిగారు. రోడ్డుకి అటూ ఇటూ నిలబడ్డ తొర్రెస్కూరా జనం ఈల వేశారు, తిట్టారు, మేకలొచ్చాయన్నారు. కొండవాళ్ళు చేపకంపు కొడుతోందని ముక్కులు మూసుకున్నారు. మూడేళ్ళుగా తిట్టడానికి ఎదుటివాడు లేక చప్పబడిపోయిన ఊరు ఆ పూట కళకళలాడింది.

సవేరియో గేటు బయట మామూలు చొక్కాలో, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఫెర్రుచ్చో వచ్చి అతని జేబులో టికెట్టు తోశాడు. “మా వైపుది. ఒకడి గొర్రె ఈనుతోంది, రాలేదు. పద.”

“నేను తొర్రెస్కూరా వాణ్ణి.”

“అది మాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? పద.”

రెండో వరసలో మికెలీనా పక్కన కూర్చోబెట్టారు. ఎదురుగా, మైదానం అంచున, అతని దళంవాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. అందరి మొహాలూ జనం వైపు, వీపులు మైదానం వైపు. అదీ ఆ ఉద్యోగం. ఇరవై ఏళ్ళలో ఈ స్టేడియంలో రెండువందల పైచిలుకు మ్యాచ్‌లకి వచ్చిన సవేరియో ఒక్క గోల్ కూడా చూడలేదు. జనం నోళ్ళు తెరుచుకోవడం చూసి గోల్ పడిందని తెలుసుకునేవాడు. ఇవాళ అతని ముందు పచ్చటి మైదానం, దాని మీద ఎండ, ఎండలో పరిగెత్తే ఇరవైరెండు మంది. ఇంత బాగుంటుందా ఇది, అనుకున్నాడు.

అరగంటకి రొక్కమేలా గోల్ కొట్టింది. స్టాండు స్టాండంతా లేచింది, ఒకరి మీద ఒకరు పడ్డారు. బాకా అతని చెవి పక్కనే మోగింది. లుయీజీ ఎవరో తెలియకుండానే అతని నెత్తి మీద ముద్దు పెట్టుకుని, ఎవరో తెలిశాక ఇంకొకటి పెట్టాడు. సవేరియో మర్యాదగా కూర్చుని చప్పట్లు కొట్టాడు. తొర్రెస్కూరా వాడు ఎంత కొట్టొచ్చో అంతే కొట్టాడు. మికెలీనా మాత్రం లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళల్లోంచి కారుతున్నవి తుడుచుకోకుండా, మైదానాన్నే చూస్తూ కూర్చుంది.

ఎనభయ్యో నిమిషంలో తొర్రెస్కూరా కుర్రాడొకడు కుడివైపు నుంచి బంతి తీసుకుని దూసుకొచ్చాడు. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి తప్పించాడు. సవేరియో ముందుకి వంగాడు. కుర్రాడు దూరం నుంచే ఎడమకాలితో కొట్టాడు. బంతి వంపు తిరిగి, గోల్‌కీపరు వేళ్ళ మీదుగా వెళ్ళి, పై మూలలో వల పొంగించింది.

“గోల్!”

ఆ అరుపు తనదేనని సవేరియోకి ఆలస్యంగా తెలిసింది. కుర్చీ మీదికెక్కి రెండు చేతులూ ఆకాశానికెత్తి నిలబడి ఉన్నాడు. చుట్టూ మూడువందల మంది కూర్చుని ఉన్నారు. మూడువందల మొహాలూ మెల్లగా అతని వైపు తిరిగాయి. కింద అతని దళం బిగుసుకుపోయింది. ఒకడు లాఠీ మీద చెయ్యి వేశాడు. మ్యాచ్ అయ్యేదాకా ఊళ్ళోనే ఆగి, గేటు దగ్గర నోట్సు రాసుకుంటున్న ఫాబ్రిస్ మేడమ్ పెన్సిలు కదలడం మానేసింది. సవేరియో చేతులు దించాలనుకున్నాడు, దిగలేదు.

మికెలీనా అతని చొక్కా అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

“కూర్చో నాయనా. వెనకవాళ్ళకి కనబడటం లేదు.”

వెనకవాళ్ళలో ఎవరో అవునన్నారు. సవేరియో కూర్చున్నాడు. ఆమె కాస్త పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది. ఇంకా పది నిమిషాల ఆట మిగిలి ఉంది.